ఒకసారి రాస్తే సరిపోతుందా?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. ఆ అక్షరం 'జ్ఞా'. ఎవరైనా దాన్ని ఒకానొక రూపంలో మెసేజ్‌గా పంపితే, ఐఫోన్‌లో ఆ మెసేజ్ చూపించబోయిన యాప్ ఠక్కున మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. ఆపిల్ సొంత మెసేజెస్ యాప్, వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్... వేర్వేరు కంపెనీల్లో, ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు రాసిన యాప్‌లు ఇవి. అయినా అన్నీ ఒకే అక్షరం దగ్గర బోర్లాపడ్డాయి. అదే నెల 19న ఆపిల్ ఫోన్‌కీ, మాక్‌కీ, వాచ్‌కీ, టీవీకీ ఒకేరోజు మరమ్మతులు విడుదల చేసింది.

అన్నీ ఒకేసారి ఎందుకు పడ్డాయి? తెరమీద అక్షరాలు పేర్చే పని ఆ యాప్‌లు సొంతంగా చేసుకోవు కాబట్టి. ఆపిల్ రాసిపెట్టిన 'కోర్‌టెక్స్ట్' అనే ఒకే కోడ్ మీద అన్నీ ఆధారపడతాయి. ఊరందరికీ ఒకటే మంచినీళ్ల బావి ఉన్నట్టన్నమాట. నీళ్లు బాగున్నన్నాళ్లూ బావి సంగతి ఎవరికీ పట్టదు. పాడైతే ఊరంతా ఒకేసారి మంచం ఎక్కుతుంది.

ఒకసారి రాసిన కోడ్‌ని పదిచోట్ల వాడుకోవాలన్న కోరిక ఇవాళ్టిది కాదు. యాప్‌లు తయారుచేసేవాళ్ల మధ్య ఇప్పటికీ తెగని తగువు కూడా అదే: ఐఫోన్‌కి ఒకసారి, ఆండ్రాయిడ్‌కి ఇంకోసారి రాయాలా? లేక ఒక్కసారి రాసి రెండింటికీ సరిపెట్టాలా? మీలో కొందరు పగలంతా ఆఫీసులో ఈ తగువు మధ్యలోనే కూర్చుని ఉంటారు. బయటినుంచి చూస్తే ఇది ఖర్చుల లెక్కలా ఉంటుంది. చరిత్ర తిరగేస్తే మాత్రం లెక్క కంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్నలు రెండు కనిపిస్తాయి. ఏది ఉమ్మడిగా ఉంచుకోవాలి? ఆ ఉమ్మడి సొత్తుని ఎవరు చూసుకోవాలి?

ఈ చరిత్రలో తొలినాటి పెద్ద విజయాల్లో ఒకటి కథలది. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

1977లో అమెరికాలో, ఎం.ఐ.టి.లో నలుగురు కుర్రాళ్లు 'జోర్క్' అనే ఆట రాయడం మొదలుపెట్టారు. అందులో బొమ్మలుండవు. మీరెక్కడున్నారో, ఎదురుగా ఏముందో ఆట మాటల్లో చెబుతుంది. మీరేం చేయదలచుకున్నారో మీరూ మాటల్లోనే టైప్ చేయాలి. చదివేవాడు కదిలిస్తే కదిలే కథ. అది నడిచింది పీడీపీ-10 అనే పెద్ద మెషీన్ మీద. 1979లో ఆ గుంపులోవాళ్లూ స్నేహితులూ కలిసి ఇన్ఫోకామ్ అనే కంపెనీ పెట్టారు. అప్పుడప్పుడే ఇళ్లల్లోకి వస్తున్న చిన్న కంప్యూటర్లకి జోర్క్‌ని అమ్ముదామనుకున్నారు.

చిక్కులు రెండు. ఒకటి, ఆట పెద్దది, ఇంటి కంప్యూటర్ చిన్నది. రెండోది ఇంకా తలనొప్పి. ఇంటి కంప్యూటర్ అంటే అప్పట్లో ఒక రకం కాదు. టీఆర్ఎస్-80, ఆపిల్ 2, అటారీ, కొమొడోర్... దేని తీరు దానిదే. ఒకదానికి రాసిన ప్రోగ్రామ్ ఇంకోదాని మీద పనిచేయదు.

మార్క్ బ్లాంక్, జోయెల్ బెరెజ్ అనే ఇద్దరు దీనికొక ఉపాయం వేశారు. ఎక్కడా లేని ఒక కంప్యూటర్‌ని ఊహించారు. దాని పేరు జెడ్-మెషీన్. ఏ దుకాణంలోనూ దొరకదు. దాని నియమాలు మాత్రమే ఉంటాయి. ఆటలన్నీ ఆ లేని కంప్యూటర్ కోసమే రాయాలి. తర్వాత ఒక్కో నిజమైన కంప్యూటర్‌కీ ఒక్కో దుబాసీ ప్రోగ్రామ్ రాసుకోవాలి. జెడ్-మెషీన్ భాషలో ఉన్న ఆజ్ఞని చదివి, తనున్న మెషీన్‌కి అర్థమయ్యేలా చెప్పడమే దుబాసీ పని. లెక్క చూడండి: పది ఆటల్ని పది రకాల కంప్యూటర్లకి విడివిడిగా రాస్తే వంద పనులు. ఇలా చేస్తే పది ఆటలు, పది దుబాసీలు, మొత్తం ఇరవై. కొత్త కంప్యూటర్ మార్కెట్లోకి వస్తే ఒక్క దుబాసీని తయారుచేస్తే చాలు, అప్పటిదాకా వచ్చిన ఆటలన్నీ దానిమీద నడుస్తాయి. ఊహాయంత్రం అన్న ఆలోచన వీళ్లతోనే పుట్టలేదు. పాస్కల్ భాష వాళ్లు అప్పటికే అలాంటిది వాడుతున్నారు. కానీ కథలు చెప్పడానికి అది ఇంత బాగా అతుకుతుందని చూపించింది ఇన్ఫోకామే. సైజు చిక్కుని కూడా ఇదే పద్ధతితో దాటారు. మూడేసి అక్షరాల్ని రెండేసి బైట్లలో కుక్కారు, ఆటని ముక్కలు చేశారు, ఫ్లాపీలోంచి కావలసినప్పుడు కావలసినంతే తెచ్చుకునేలా చేశారు. 1980 చివర్లో జోర్క్ మొదటి భాగం టీఆర్ఎస్-80 మీదికి వచ్చింది.

ఇది ఎందుకు పనిచేసిందో గమనించాలి. జోర్క్‌కి మొహం లేదు. అది ఒట్టి మాటలు. ఏ కంప్యూటరైనా మాటలు చూపించగలదు, మాటలు తీసుకోగలదు. కంప్యూటర్ల మధ్య తేడాలున్నది బొమ్మల దగ్గర, రంగుల దగ్గర, శబ్దం దగ్గర. ఇన్ఫోకామ్ ఉమ్మడి చేసింది ఆ తేడాలు అంటని భాగాన్ని.

అదే ఉపాయం అదే కంపెనీని దెబ్బతీసింది కూడా. ఆటలతో డబ్బులొచ్చాక ఇన్ఫోకామ్ ఆఫీసు పనులకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ చేయాలనుకుంది. 1985లో 'కార్నర్‌స్టోన్' అనే డేటాబేస్ ప్రోగ్రామ్ విడుదల చేసింది. దాన్ని కూడా ఊహాయంత్రం మీదే కట్టారు, ఎక్కడైనా నడవాలని. దుబాసీ మధ్యలో ఉంటే మాట ఆలస్యమవుతుంది కదా. ఆటలో ఆటగాడు ఆలోచిస్తూ టైప్ చేస్తాడు కాబట్టి ఆ ఆలస్యం తెలియదు. డేటాబేస్‌లో తెలుస్తుంది. పైగా అప్పటికి ఆఫీసుల్లో ఐబీఎం పీసీ, దాని నకళ్లు తప్ప వేరే కంప్యూటర్ మిగల్లేదు. ఎక్కడైనా నడిచే గుణం కోసం వేగాన్ని వదులుకున్నారు, తీరా చూస్తే నడవాల్సిన చోటు ఒక్కటే. 1986లో కంపెనీని యాక్టివిజన్ కొనేసింది, 1989లో మూసేసింది.

కథలు మాత్రం చావలేదు. వాటిని ఇష్టపడ్డ కొందరు ఆ ఫైళ్లని విప్పి చూసి, జెడ్-మెషీన్ నియమాల్ని తిరిగి రాబట్టారు. కొత్త దుబాసీలు రాశారు. 1993లో గ్రాహం నెల్సన్ అనే ఇంగ్లిష్ రచయిత 'ఇన్‌ఫార్మ్' అనే పనిముట్టు తయారుచేసి, ఎవరైనా ఆ లేని కంప్యూటర్ కోసం కొత్త కథ రాసుకునే వీలు కల్పించాడు. నలభై ఏళ్లనాటి ఆ కథా ఫైలు ఒక్క అక్షరం మార్చకుండా ఇవాళ ఫోన్‌లో నడుస్తుంది. రాసిన కంపెనీ పోయింది. చూసుకునేవాళ్లు దొరికారు కాబట్టి కథలు ఉన్నాయి.

ఈ ఆలోచనకి నినాదం పుట్టింది 1995లో. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు జావా భాషని తెచ్చి, ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి అన్నారు. జావాలోనూ ఊహాయంత్రమే, ఊరూరికీ దుబాసీనే. కానీ ఈసారి మొహం ఉంది. బటన్లు, మెనూలు, కిటికీలు చూపించాలి. అక్కడ రెండు దారులొచ్చాయి. మొదట్లో జావా ఏ కంప్యూటర్ మీద ఉంటే ఆ కంప్యూటర్ బటన్లనే అడిగి తెచ్చుకునేది. దాంతో విండోస్‌లో ఒకలా, మాక్‌లో ఒకలా కనబడేది. అన్నింట్లోనూ ఉన్నవే వాడుకోవాలి కాబట్టి మంచివి చాలా వదిలేయాల్సి వచ్చేది. తర్వాత, 1998లో 'స్వింగ్' అని ఇంకో పద్ధతి తెచ్చారు. ఎవర్నీ అడగకుండా అన్నీ జావాయే గీసుకుంటుంది. అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది, అంటే అన్నిచోట్లా పరాయిగానే ఉంటుంది. ఇంటివాళ్లని అరువడగాలా, సొంత సామాను మోసుకెళ్లాలా అన్న ఈ తగువు తర్వాత ఫోన్లలో మళ్లీ పుట్టబోతోంది. ఈలోగా ప్రోగ్రామర్లు ఆ నినాదాన్ని కొంచెం సవరించుకున్నారు: ఒకసారి రాయి, ప్రతిచోటా తప్పులు వెతుక్కో.

2007లో ఐఫోన్, 2008లో ఆండ్రాయిడ్ వచ్చాయి. అప్పట్లో ఐఫోన్ యాప్‌లు ఆబ్జెక్టివ్-సి భాషలో రాయాల్సి వచ్చేది, ఆండ్రాయిడ్ యాప్‌లు జావాలో. మొదట్లో బ్లాక్‌బెర్రీ, సింబియన్ కూడా బరిలో ఉన్నాయి. చిన్న కంపెనీకి ఒక్క యాప్ కోసం నాలుగు టీములు పెట్టుకునే స్తోమత ఎక్కడుంటుంది? ఆ అవసరంలోంచే 2008లో 'ఫోన్‌గ్యాప్' పుట్టింది. వెబ్ పేజీ ఎక్కడైనా ఒకటే కదా, ఆ పేజీకే యాప్ తొడుగు తొడిగితే సరి అన్నది దాని ఉపాయం. ఫేస్‌బుక్ అంతటిది కూడా తన యాప్‌ని చాలావరకు ఆ దారిలోనే, వెబ్ పేజీల మీదే కట్టింది. యాప్ నత్తనడక నడిచింది. 2012లో ఐఫోన్ యాప్‌ని మొదటినుంచీ తిరగరాశారు. వెబ్ మీద అంతగా పందెం కాయడం కంపెనీ చేసిన అతిపెద్ద పొరపాటని ఆ సెప్టెంబర్‌లో జుకర్‌బర్గ్ బహిరంగంగానే ఒప్పుకున్నాడు.

ఇంకో అడ్డంకి సాంకేతికమైనది కాదు. 2010 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఒప్పందంలో ఒక నిబంధన చేర్చింది. వేరే భాషలో రాసి, ఐఫోన్ కోసం అనువదించి తెచ్చిన యాప్‌లు చెల్లవంది. సెప్టెంబర్‌కల్లా దాన్ని సడలించింది. కానీ ఆ అయిదు నెలలు ఒక సంగతి తేటతెల్లం చేశాయి. ఉమ్మడి కోడ్ ప్రోగ్రామర్‌కి లాభం కావచ్చు, ఫోన్ తయారుచేసేవాడికి కాదు. తన ఫోన్‌లో ఉన్నది ఇంకోదాంట్లో లేకపోవడమే వాడి వ్యాపారం.

2015లో ఫేస్‌బుక్ 'రియాక్ట్ నేటివ్' విడుదల చేసింది. ఆలోచించే భాగం జావాస్క్రిప్ట్‌లో ఒకసారి రాస్తే, తెరమీద కనిపించే బటన్లు మాత్రం ఏ ఫోన్‌వి ఆ ఫోన్‌వే. జావా మొదటి పద్ధతే ఇంకాస్త తెలివిగా. నినాదంలో కూడా ఒళ్లు దగ్గర పెట్టుకున్నారు: ఒకసారి నేర్చుకోండి, ఎక్కడైనా రాయండి అన్నారు. 2018 డిసెంబర్‌లో గూగుల్ 'ఫ్లట్టర్' మొదటి పూర్తి వెర్షన్ తెచ్చింది. అది ఫోన్‌ని బటన్లు అడగదు, చుక్కచుక్కా తనే గీసుకుంటుంది. స్వింగ్ మళ్లీ వచ్చిందన్నమాట. ఇరవై ఏళ్లు గడిచినా తగువు అదే, పేర్లే మారాయి.

ఈ కాలంలోనివే రెండు అనుభవాలు ఎప్పటికీ గుర్తుపెట్టుకోవాల్సినవి. రెండు కంపెనీలూ తమ సంగతి దాచకుండా రాసి బయటపెట్టాయి. మొదటిది ఎయిర్‌బీఎన్‌బీ. 2016లో రియాక్ట్ నేటివ్ పట్టుకుని, 2018లో వదిలేసింది. కోడ్ పంచుకోవడం కుదరక కాదు. దాంతో కట్టిన చాలా ఫీచర్లలో 95 నుంచి 100 శాతం కోడ్ ఉమ్మడే. లెక్క ప్రకారం ఘనవిజయం. మరెందుకు వదిలేశారు? యాప్ మొత్తం అందులో లేదు. పాత ఐఫోన్ కోడ్ ఉంది, పాత ఆండ్రాయిడ్ కోడ్ ఉంది, వాటి మధ్య ఈ కొత్తది. రెండు ప్లాట్‌ఫామ్‌లని ఒకటి చేద్దామని బయల్దేరి మూడింటిని పోషించే స్థితికి వచ్చారు. తప్పు ఒకటి దొరికితే అది మూడింట్లో ఎక్కడుందో వెతకాలి, వెతకాలంటే మూడూ తెలిసినవాళ్లు కావాలి.

రెండోది డ్రాప్‌బాక్స్. 2013 నుంచి తన ఫోన్ యాప్‌ల లోపలి భాగాన్ని సీ ప్లస్ ప్లస్‌లో ఒకసారే రాసి, రెండు ఫోన్లకీ వాడుకుంది. 2019లో ఆ పద్ధతి మానేసి, ఏ ఫోన్ భాషలో ఆ ఫోన్‌కి రాసుకోవడమే నయమని తేల్చింది. బయట అందరూ వాడే పనిముట్లు వీళ్ల పద్ధతికి అతకవు, సొంతంగా తయారుచేసుకోవాలి. యాప్ వెనకాల నిశ్శబ్దంగా చేసుకునే పనులకి ఐఫోన్ ఒకలా అనుమతిస్తుంది, ఆండ్రాయిడ్ ఇంకోలా. ఆ తేడాని ఉమ్మడి కోడ్ మింగలేదు. అన్నిటికంటే ముఖ్యమైనది మనుషుల సంగతి. ఆ పునాది వేసిన, సీ ప్లస్ ప్లస్ బాగా తెలిసిన అనుభవజ్ఞులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ పనికి కొత్తవాళ్లు దొరకలేదు. అందరూ వాడుతున్నారు, ఎవరికీ పూర్తిగా తెలియదు. 'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అని మన సామెత ఊరికే పుట్టలేదు.

అలాగని ఉమ్మడి అంటేనే నష్టమని తేల్చేయడానికి లేదు. ఎయిర్‌బీఎన్‌బీ వదిలేసిన రెండేళ్లలోపే, 2020 జనవరిలో షాపిఫై ఇకమీదట తమ కొత్త ఫోన్ యాప్‌లన్నీ రియాక్ట్ నేటివ్‌లోనే రాస్తామని ప్రకటించింది. పనిముట్టు అదే. ఒక ఇంట్లో నిలబడనిది ఇంకో ఇంట్లో నిలబడింది. 2023 నవంబర్‌లో స్థిరపడిన కాట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్ పద్ధతి మధ్యేమార్గం పట్టింది. లెక్కలు, నియమాలు, సర్వర్‌తో మాటలు ఉమ్మడిగా ఉంచుకోండి, మొహం ఎవరిది వాళ్లే గీసుకోవచ్చు అంది. ఆస్తి ఉమ్మడి, వంటిళ్లు వేరు. తెలియకుండానే జోర్క్ దగ్గరికి తిరిగొచ్చినట్టు. తేడాలు అంటని భాగాన్నే పంచుకోవడం.

ఇంకా లోతుకి దిగితే, ఏ గొడవా లేకుండా పంచుకుంటున్న కోడ్ కనిపిస్తుంది. 'ఎస్‌క్యూలైట్' అలాంటిది. రిచర్డ్ హిప్ అనే అమెరికన్ 2000లో మొదలుపెట్టిన చిన్న డేటాబేస్ అది. ఆలోచన పుట్టింది అమెరికా నౌకాదళపు ఓడ కోసం చేస్తున్న పనిలో. ఇవాళ ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ అదే కోడ్. మీ ఫోన్‌లోని యాప్‌లు తమ సమాచారం దాచుకునేది తరచుగా దాంట్లోనే. దానిమీద ఎవరికీ హక్కుల్లేవు, ఎవరైనా వాడుకోవచ్చు. చూసుకునేవాళ్లు గుప్పెడుమంది. అసలు కోడ్ ఎంతుందో, దాన్ని పరీక్షించడానికి రాసిన కోడ్ అంతకి 500 రెట్ల పైమాటే. 2050 దాకా చూసుకుంటామని మాటిచ్చారు. ఒకసారి రాసి వదిలేస్తే నిలబడింది కాదది. ఇరవై అయిదేళ్లుగా అవే చేతులు తిరిగి తిరిగి రాస్తున్నాయి కాబట్టి నిలబడింది.

ఇక మన 'జ్ఞా' సంగతి. యూనికోడ్‌లో తెలుగు అక్షరం బొమ్మలా దాచిపెట్టి ఉండదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం, ఇలా వరసగా ఉంటాయి. ఞని వత్తుగా మార్చి కిందికి దింపి, దీర్ఘాన్ని జకి తగిలించి తెరమీద పేర్చడం కోడ్ పని. వీటి మధ్య కంటికి కనపడని ఇంకో గుర్తు కూడా ఉంటుంది. 'ఫేస్‌బుక్' అని టైప్ చేసినప్పుడు స కింద బ వత్తు పడకుండా ఆపేది అదే. 2018లో ఐఫోన్లని పడగొట్టిన 'జ్ఞా'లో ఆ గుర్తు ఞకీ దీర్ఘానికీ మధ్య, ఎవరూ పెట్టని చోట ఉంది. విజ్ఞానం అని మామూలుగా రాసుకునేవాళ్లకి ఏమీ కాలేదు. బెంగాలీ, దేవనాగరిల్లో కూడా అలాంటి వరసలకి అదే ప్రమాదం ఉందని తర్వాత తేలింది. పేరు మాత్రం తెలుగుకే వచ్చింది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే అక్షరం హాయిగా కనిపించింది. అక్కడ పేర్చే పని చేసేది వేరే కోడ్, పేరు 'హార్ఫ్‌బజ్'. పెంచి పోషించినవాడు బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరానీ కెనేడియన్. హర్ఫ్ అంటే అక్షరం, హైదరాబాద్‌లో ఉర్దూ విన్నవాళ్లకి తెలిసిన మాటే. ఒకప్పుడు ఈ పనికి తలా ఒక కోడ్ ఉండేది. ఒక్కోదాంట్లో తెలుగు ఒక్కోలా విరిగిపోయేది. ఇప్పుడు ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ ఈ ఒక్కదాన్నే వాడుతున్నాయి. ఆండ్రాయిడ్‌కి తెలుగు చూపించడం వచ్చిందని గూగుల్ చెప్పుకున్నది 2012లో. అంతకుముందు ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు కనిపించేవి, చాలామందికి గుర్తుండే ఉంటుంది.

యాప్ కంపెనీకి ఉమ్మడి కోడ్ ఒక లాభనష్టాల బేరం. కుదిరితే పంచుకుంటుంది, కుదరకపోతే రెండుసార్లు రాయించుకుంటుంది. తెలుగుకి ఆ వెసులుబాటు లేదు. ఏ ఒక్క యాప్ కూడా వత్తులూ గుణింతాల నియమాలు నేర్చుకుని, తెలుగు కోసం విడిగా కోడ్ రాయించదు. లాభం రాదు కాబట్టి రాయించదు. ఇంగ్లిష్ ఏ యాప్‌లోకైనా సొంత కాళ్ల మీద వెళ్లగలదు. తెలుగు, ఖ్మేర్, సింహళం లాంటివి ఉమ్మడి బండి ఎక్కి వెళ్లాల్సిందే. దాంట్లో తప్పుంటే మన అక్షరం ప్రపంచమంతటా ఒకేసారి పడిపోతుంది, నిజమే. కానీ అది లేకపోతే మన అక్షరం అసలు బయల్దేరనే బయల్దేరదు. కాబట్టి ఆ కోడ్‌ని ఎవరు చూసుకుంటున్నారు, అక్కడ తెలుగు చదవగలిగినవాళ్లు ఎందరున్నారు అన్నది ఇంజనీర్ల సొంత వ్యవహారం కాదు. తెలుగులో చదువుకునే, రాసుకునే అందరి సంగతీ.

ఈ పని అయిపోయేదీ కాదు. 2021 సెప్టెంబర్‌లో యూనికోడ్‌లోకి తెలుగు నకారపొల్లు వచ్చి చేరింది. పాత పుస్తకాల్లో పదం చివర 'న్' కోసం వాడిన విడి గుర్తు అది. ఆ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు ఫోన్‌లో చదవాలంటే ఫాంట్ చేసేవాళ్లు దాని బొమ్మ గీయాలి, అక్షరాలు పేర్చే కోడ్ చూసుకునేవాళ్లు తమ పట్టికలో దాన్ని చేర్చుకోవాలి. ఎవరో ఒకరు కూర్చుని చేయాలి. చేసి, వచ్చే ఏడాది మళ్లీ కూర్చోవాలి.